బాషా మంచానికి ఒక దూలం

3 ఫిబ్రవరి 1942

ఆనందరావు సేటు బాషా నడుము విరగ్గొట్టాడు. తన చేత్తో కాదు. మా తరాజుల షాపులో దూలం పగిలిందని నేను చెప్పాను, నాతో పనిచేసే ఓదెలన్న చెప్పాడు. విని కూడా బస్తాలు తూచే పెద్ద కాంటాను దానికే వేలాడదీయమన్నాడు. దూలం విరిగి కాంటా కింద పని చేస్తున్న బాషా మీద పడింది. దీపావళి ముందు సంగతి. ఇవాళ దవాఖాన నుంచి ఇంటికి తెచ్చారు. నడుము కింద ప్రాణం లేదు.

తరాజు కడ్డీలను ఆకురాయితో సాపు చేసే పని కూర్చునే చేస్తాం కదా, అది బాషాకు ఇవ్వమని సేటును అడిగాను. ముందుగాల వాన్ని లేసి కూసోమను, పండుకున్నోనికి ఏం పని ఇయ్యాలెరా అన్నాడు. కూసుంటే ఇస్తవా అన్నాను. కూసుంటే ఇస్త పో అన్నాడు. ఓదెలన్న విన్నాడు. అందరూ విన్నారు.

6 ఫిబ్రవరి, శుక్రవారం

సెలవు. శాలిబండలో బాషా ఇంటికి పోయాను. బాషా లేవాలంటే వాళ్ల అమ్మ మహబూబ్ బీ వెనక నుంచి చంకల కింద చేతులు పెట్టి గుంజాలి. ఆమె పిడికెడు మనిషి. గుంజినప్పుడల్లా వాడు కళ్లు మూసుకుంటాడు. నొప్పికి కాదు. నేను చూస్తున్నానని.

చేతులు మాత్రం సుత్తె పట్టిన చేతులే. పైనుంచి ఏదైనా వేలాడితే పట్టుకుని నువ్వే లేస్తవ్ అన్నాను. అయితే అల్లామియా ఆస్మాన్ నుంచి తాడు ఇడుస్తడా భాయ్ అన్నాడు.

ఆయన విడవడు. నేను విడుస్తాను.

7 ఫిబ్రవరి

బాషా వాళ్లు కిరాయికుండే ఇంటి మాలిక్ అబ్దుల్ వాహెద్ సాబ్ దగ్గరికి కొట్లాటకు తయారై వెళ్లాను. కప్పుకు కొక్కెం కొట్టుకుంటాం, కాదంటే ఊరుకోం అన్నాను. ముసలాయన నాతో వచ్చి, స్టూల్ ఎక్కి, దూలంలోకి వేలు పెట్టాడు. వేలు సగం దిగింది. లోపలంతా చెదలు. దీనికి నీ టోపీ గూడ తగిలియ్యకు బేటా, అందరం ఒక్కసారే పోతం అన్నాడు.

కొట్లాట అట్లాగే మిగిలిపోయింది. అంటే తాడు వేలాడే ఫ్రేమ్ నేల మీదనే నిలబడాలి.

10 ఫిబ్రవరి

ఇనుప పైపు ఎక్కడా లేదు. అంతా వార్‌కు పోతోందట. ఉస్మాన్‌గంజ్‌లో ఇనుము అమ్మే ఒకడు నవ్వి, జర్మనోణ్ని అడుగుపో అన్నాడు. వాణ్ణి కొట్టకుండా వచ్చాను. అదే ఇవాళ చేసిన పని.

11 ఫిబ్రవరి

వాహెద్ సాబ్ తన పాత టాంగాకు ఉన్న పొడుగాటి కర్రలు పంపాడు. గుర్రం పోయింది, నాకెందుకు అన్నాడట. మంచి కర్ర.

ఫుట్‌పాత్ మీద కొన్న, యంత్రాల బొమ్మలున్న ఇంగ్లీషు పుస్తకం తీశాను. అక్షరాలు రావు, బొమ్మలు అర్థమవుతాయి. బావి మీద గిలక వేసే దూలం లాంటిదే చేస్తాను. మంచానికి అటొక నిలువు కర్ర, ఇటొక నిలువు కర్ర, పైన అడ్డకర్ర. దాని నుంచి తాడు, తాడుకు పిడి. పిడి సరిగ్గా బాషా ఛాతీ మీదికి రావాలి.

13 ఫిబ్రవరి, శుక్రవారం

నిలబెట్టాం. ఓదెలన్న, నేను షాపులోని తూకం రాళ్లు తాడుకు కట్టాం. బాషా కన్నా ఎక్కువ బరువే. కిర్రుమనలేదు. మహబూబ్ బీ కర్రకు పూల దండ వేసింది.

బాషా పిడి పట్టుకుని గుంజాడు. ఫ్రేమ్ మొత్తం తలవైపు ఒరిగి వాడి మీద పడింది. నుదురు చిట్లింది. ఒక్కసారి సాల్లేదా నర్సింహా అన్నాడు. అని గోడవైపు తల తిప్పుకున్నాడు. ఎంత పిలిచినా తిప్పలేదు.

14 ఫిబ్రవరి

ఇవాళ నేను అన్నం తినలేదు.

15 ఫిబ్రవరి

తప్పు తెలిసింది. మా షాపులో బరువు ఎప్పుడూ నిటారుగానే వేలాడుతుంది. ఊగితే చేత్తో ఆపి, ఆగాక తూకం చూస్తాం. పుట్టినప్పటి నుంచీ నాకు తెలిసిన బరువు అదే. మనిషి రాయి కాదు. లేచేవాడు తాడును తనవైపు గుంజుకుంటాడు. నేను రాయికి ఫ్రేమ్ చేశాను, బాషాకు చేయలేదు.

20 ఫిబ్రవరి, శుక్రవారం

నిలువు కర్రలకు కింద మంచం పొడుగునా పాదాల్లాగా రెండు కర్రలు బిగించాను, ఏటవాలుగా దన్నులు కొట్టాను. బాషా గోడవైపు నుంచి తిరగలేదు. వాడికి బదులు పక్కన పడుకుని నేనే గుంజాను. ఫ్రేమ్ ఒరగలేదు, కానీ ఆ పాదాల కర్రల కాళ్లవైపు కొసలు నేల వదిలి లేచాయి. మహబూబ్ బీ చూసి వచ్చి ఒక కొస మీద కూర్చుంది. ఓదెలన్న రెండో కొస మీద కూర్చున్నాడు. మళ్లీ గుంజాను. కదల్లేదు.

రోజూ నేను కూసుంట బేటా, నాకేం పని అందామె.

అప్పుడు బాషా గోడవైపు నుంచే అన్నాడు. మళ్లా అమ్మీనే మొయ్యాల్నా నన్ను.

వాడి మాటకు నాకు కోపం వచ్చింది. వాడిది నిజం కాబట్టి ఇంకా ఎక్కువ వచ్చింది. ఆమె కూర్చున్న చోటునే చూస్తూ నిలబడ్డాను. అక్కడ బరువు ఉండాలి. అమ్మీ బరువే కావాలని ఎవరన్నారు. మంచం ఉంది. మంచం మీద వాడున్నాడు.

ముగ్గురం వాడితో సహా మంచం ఎత్తి నాలుగు కోళ్లూ ఆ పాదాల కర్రల మీద పెట్టాం. కోళ్లు జారకుండా కర్రల్లో గుంటలు తొలిచాను. సాయంత్రమైంది. ఇవాళ గుంజొద్దు అన్నాను. నాకు భయమైంది.

21 ఫిబ్రవరి

షాపు నుంచి నేరుగా పోయాను. మహబూబ్ బీ గల్లీలోనే ఎదురొచ్చింది, చెంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. లోపలికి ఉరికాను.

లోపల బాషా కూర్చున్నాడు. పిడి వదిలేసి, వీపుకు దిండు పెట్టుకుని, బీడీ తాగుతున్నాడు. ఏందిరా గట్ల చూస్తవ్, మనుషులు కూసునుడు చూడలే అన్నాడు. అమ్మీ నీళ్లకు పోయినప్పుడు, ఎవరూ లేనప్పుడు లేచాడట. మళ్లీ పడితే ఎవరూ చూడకూడదని.

బయటికొచ్చి గోడను గుద్దాను. చెయ్యి ఇంకా నొప్పిగా ఉంది.

3 మార్చి

నేను తెచ్చిచ్చిన కడ్డీని బాషా సాపు చేసి ఇచ్చాడు. సేటు ముందు పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూశాడు. తప్పు దొరకలేదు. ఆలోచిస్త, గంత జల్దీ ఏముంది అన్నాడు.

4 మార్చి, బుధవారం

రేపు అందరి ముందర సేటుతో అనాల్సింది ఇది. కోపంలో మరిచిపోతానని రాసుకుంటున్నాను.

బాషా కూసున్నడు. కూసుంటే పని ఇస్తనన్నవ్. కడ్డీలు మంచం కాడికి నేనే మోస్త, నేనే తెస్త. పని పాడైతే మమ్మల్ని తిట్టినట్లే వాన్ని గూడ తిట్టాలె, గది బాషా చెప్పమన్న మాట. ఇస్తవా ఇయ్యవా, శనివారం పొద్దున షాపు తాళం తీసే లోపల చెప్పు. అందరం గేటు బయటనే నిలబడి ఉంటం, ఇస్తనంటేనే లోపలికి వస్తం.