కొలత దారం

కొండ ఆసుపత్రి,
1938 డిసెంబరు

వదినకు నమస్కరించి రాసేది. నా దగ్గు మునుపటిలాగే ఉంది, దాన్ని గురించి అడగవద్దు.

ఆరు నెలల మద్దిలేటిని మీ ఒడిలో పెట్టి నేనీ క్షయ ఆసుపత్రికి వచ్చి ఏడాదయింది. నర్సమ్మ నేర్పగా వాడికి ఉన్ని కుల్లాయి అల్లుతున్నాను. కుట్టును పక్క కుట్టు మీదుగా దాటించి మెలితిప్పితే జడపాయల్లా పైకి పాకుతుంది. మెలి వేసేకొద్దీ బిగుస్తుంది కాబట్టి తల కొలత సరిగ్గా కావాలి. మీ తమ్ముణ్ణి అడిగితే మగ్గం దారంతో కొలిచి పంపారు. "పిల్లోడు బాగుండాడు, శానా అల్లరి చేస్తాండాడు" అని రాశారు.

నేను ఇల్లు విడిచేనాడు ఆయన వాడి తల కొలిచి రెండు దారాలు తెంపారు. ఒకటి నాకిచ్చి, ఒకటి తాను దాచుకున్నారు. నా దారాన్నీ ఇప్పుడొచ్చిన దారాన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. పోగంత తేడా కూడా లేదు.

ఆయా గురమ్మ ఆరుగురు బిడ్డల తల్లి. ఏడాదిలో బిడ్డ తల పెరగదా అని అడిగాను.

"పెరగకుండా యాడన్నా ఉంటాదా తల్లీ? రెండు వేళ్లన్నా పెరుగుతాది" అంది. నా మొహం చూసి దుప్పటి సర్దడానికి వంగింది.

కుల్లాయిని పాత కొలతకే ముగించి పంపుతున్నాను. వాణ్ణి పెట్టిన చోటనే మీ చేత్తో పూడ్చండి. నా దగ్గే అంటిందేమో, ఆ మాట మాత్రం నాకు రాయవద్దు.

నాకు తెలిసిపోయిందని మీ తమ్ముడికి చెప్పవద్దు. ఆ అబద్ధం రాయడానికి ఆయన ఎంత అవస్థపడ్డారో. ఈసారి దారం రెండు వేళ్లు పొడుగ్గా తెంపమని, మీకే తోచినట్టు చెప్పండి.

మీ మరదలు