తొమ్మిదో దెబ్బ

3 జూన్ 1945, ఆదివారం

మూడేళ్ల తరువాత చర్చిలో మా పాస్టరు హోవ్‌లాన్ గారి గొంతు విన్నాం. ఏడుపు ఆగలేదు. మా దేశాన్ని ఆక్రమించిన జర్మన్లు పోయారు. వాళ్లు తెచ్చి నిలబెట్టిన పాస్టరు జైల్లో ఉన్నాడు. ఆ మనిషి ఉన్నన్నాళ్లూ మేం చర్చి గడప తొక్కలేదు, ఇళ్లల్లోనే ప్రార్థన చేసుకున్నాం. జర్మన్ల పెత్తనం ఒప్పుకోక హోవ్‌లాన్ గారు రాజీనామా ఇచ్చిన నాడే, చర్చి గంట కొట్టే మా ఆయన ఐలేవ్ కూడా గంట తాడు వదిలేశాడు. ఇవాళ మళ్లీ పట్టుకున్నాడు.

అయినా ఆ మూడేళ్లూ ప్రతి ఆదివారం గంట మోగింది. ఆ జర్మన్ల పాస్టరు కోసం ఖాళీ చర్చికి గంట కొట్టిన ఆ మహానుభావుడెవరో తేలాలి.

6 జూన్

ఇంకెవరు, తోర్గ్రిమ్! చర్చి గోడ పక్కనే ఇల్లు. పెళ్లాం పోయింది, అడిగేవాళ్లు లేరు. కాఫీకి వచ్చిన గుద్వేగ్ వదిన కూడా, వాడు కాకపోతే దెయ్యం కొట్టిందా అంది. అడిగితే ఔననడు, కాదనడు. పైప్ ముట్టించి మొహం తిప్పుకుంటాడట. తప్పు చేయనివాడికి నోరు పెగలదా?

10 జూన్, ఆదివారం

ప్రభు భోజనంలో ద్రాక్షరసం పాత్ర ఒక్కటే, వరసగా అందరం తాగాలి. తోర్గ్రిమ్ వచ్చి బల్ల ముందు మోకరించగానే పక్కనున్న అందరూ జరిగిపోయారు. అతను తాగిన పాత్రలో తాగడానికి ఎవరికీ మనసొప్పలేదు. నేనూ జరిగాను. తగిన శాస్తి అయింది అనుకున్నాను.

17 జూన్, ఆదివారం

జలుబు. ఇంట్లోనే ఉండి బంగాళాదుంపల తొక్క తీస్తున్నాను. గంట మోగింది. చివర్లో ప్రార్థన దెబ్బలు, మూడు చొప్పున మూడుసార్లు. ఐలేవ్ ఎనిమిది కొట్టి కాస్త ఆగి, తొమ్మిదోది కొట్టాడు.

నా చేతిలో కత్తి ఆగిపోయింది. మూడేళ్లు ఇదే వంటింట్లో ఇదే ఆగడం విన్నాను. చర్చిలో కూర్చున్నప్పుడెప్పుడూ పాటల పుస్తకాల రెపరెపల్లో ఆ ఆగడం తెలియలేదు.

ఆదివారం పని చేయకూడదని నన్ను సూది కూడా పట్టనివ్వని మనిషి, ఆ మూడేళ్లూ ఆదివారం పొద్దున్నే పడవలో చేరిన నీళ్లు తోడాలంటూ పోయేవాడు! నాకు అనుమానమే రాలేదు.

సాయంత్రం

ఐలేవ్‌ని అడిగేశాను. గంట ఆ పాస్టరుదా, ఊరిది కాదూ, ఇవాళ ఆదివారమని ఎవరో ఒకరు చెప్పొద్దూ అన్నాడు. మరి తోర్గ్రిమ్ గతేమిటన్నాను. నేనే కొట్టానని చెబితే తాడు లాక్కుంటారే అన్నాడు, నేల చూస్తూ. ఒళ్లు మండిపోయింది.

24 జూన్, ఆదివారం

ఎనిమిది. ఆగింది. తొమ్మిది.

ముందు వరసలో తోర్గ్రిమ్ తల తిప్పి నా వంక చూశాడు. చర్చి గోడ పక్కనే ఇల్లు, గంట ఎవరు కొట్టారో అతనికి మొదటినుంచీ తెలుసు.

బల్ల ముందు అతని పక్కన మోకరించాను. నా రెండో పక్క, ఐలేవ్ మోకరించే చోటు ఖాళీ. అతను ఇంకా గంట టవర్ దిగలేదు.