కంబదూరు ఫ్యాక్టరీ గేటు తీయించినాను

అన్నా,

నువ్వు ఫోను ఎత్తడంలేదు కాబట్టి డ్రైవరు తిప్పేష్ చేతికిచ్చి ఈ ఉత్తరం పంపిస్తాండా. కోపం పక్కన పెట్టి చివరిదాకా చదువు.

నాయన ముదిగుబ్బలో రేకుల షెడ్డు వేసుకోని, కాలిపోయిన బోరు మోటర్లకు వైండింగు చేసేవాడు. ఆ పనినే నువ్వు మోటర్లు తయారుచేసే మూడు ఫ్యాక్టరీలుగా పెంచినావు. కంబదూరులో నాలుగోది కట్టి నాకు అప్పజెప్పినప్పుడు ఎంత పొంగిపోయినానో నీకు తెలుసు.

కానీ ఈడ మనం లోతుగా బోర్లు వేసినాక పక్క ఊరి బోరు ఎండిపోయింది. నిన్న పొద్దున ఆడోళ్లంతా ఖాళీ బిందెలతో వచ్చి గేటుకు అడ్డంగా కూర్చున్నారు. "పోలీసులను పంపిస్తా, నువ్వు బయటికి పోవద్దు" అంటివి. నేను పోయినా. మారెక్క అనే ముసలామె నన్ను నిలదీసింది.

"మీ నాయన మా ఊరి మోటరు బాగుచేసి నీళ్లు తెప్పించినాడు. నువ్వేమమ్మా, ఆ నీళ్లే గుంజుకుంటాండావు?"

వెంటనే మిషన్లు ఆపించి, గేటు తీయించి, మన ట్యాంకులో నీళ్లు పట్టుకోమన్నా. అందుకే నన్ను తీసేస్తానంటివి. తీసేయ్. అయినా వాళ్లు కదల్లేదన్నా. దినామూ నీళ్లిస్తామని నీ నోటితో చెప్పాలంట. పోలీసులను పంపొద్దు, నువ్వే రా.

పంపేదే ఖాయమైతే పోలీసులకొక మాట చెప్పు. ఆ ఆడోళ్ల మధ్యలో నేనూ కూర్చోనుంటా. చైర్మన్ చెల్లెలని నన్నొక్కదాన్నే పక్కకు తప్పించొద్దని చెప్పు.

గేటు కాడ్నుంచి,
నీ చెల్లెలు