ఎద్దు నిలబడితే మడక ఆగుతుంది

కుప్పం,
ఆదివారం.

నాయనకు, అమ్మకు మీ రెడ్డెమ్మ చేతులెత్తి పెట్టే దండాలు.

నేను బాగున్నాను. బాగా తింటున్నాను, బాగా తింటున్నాను. అమ్మ నమ్మదని రెండుసార్లు రాశాను. అమ్మ మోకాలినొప్పి ఎట్లుంది? సోమల పక్క వాన పడిందా? మన ఎద్దు కర్రోడు మేత సరిగా తింటున్నాడా? ఇక్కడి హాస్టల్లో పెట్టే సంగటి చేతిలోంచి జారిపోతుంది. దాన్ని సంగటి అంటే మన రాగులకే అవమానం. మొదటి నెల మీరంతా గుర్తొచ్చి దుప్పటి కప్పుకొని ఏడ్చాను. ఇప్పుడు ఏడవడం లేదు.

ఈ సంగతి ఫోనులో చెబితే అమ్మ కంగారుపడుతుంది, నాయన సిగ్గుపడతాడు. అందుకే రాస్తున్నాను. చెల్లీ, నవ్వకుండా చదివి వినిపించు.

మా ఫ్యాక్టరీలో చొక్కాలు కుడతాం. నా వరుసలో నలభై మంది ఆడవాళ్ళం. బాత్రూముకు పోవాలంటే సూపర్‌వైజరు బల్ల పక్కన మేకుకు వేలాడే చెక్క బిళ్ళ తీసుకొని పోవాలి. ఉండేది ఒకటే బిళ్ళ. పోయినామె తిరిగొచ్చేదాకా ఇంకొకరు లేవకూడదు. అందుకని అందరం నీళ్ళు తాగడమే మానేశాం. మదనపల్లెలో కుట్టు నేర్చుకునేటప్పుడు చెంబు పక్కన పెట్టుకొని కూర్చునేదాన్ని, నేనూ మానేశాను.

నా పక్క మిషను మునెమ్మక్కది. వెంకటగిరికోట మనిషి, నన్ను సొంత చెల్లెలిగా చూసుకుంటుంది. పోయిన నెల ఆమెకు ఉచ్చ మంట, చలిజ్వరం. నీళ్ళు బాగా తాగాలి, ఆపుకోకూడదు అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అక్క మూడో రోజు పనికొచ్చి, నీళ్ళు తాగి, కాసేపటికి లేచింది. మేకుకు బిళ్ళ లేదు.

"యాడికి మే? బిళ్ళ రానీ, కూసో," అన్నాడు సూపర్‌వైజరు.

అక్క కూర్చుంది. కళ్ళలో నీళ్ళు. నాకు ఒళ్ళు మండింది. మిషను ఆపి లేచాను.

"నువ్వు యాల లేసినావు?"

"అక్కను తీసకపోతాండా సార్."

గొడవ విని మేనేజరు వచ్చాడు. అరవలేదు. "ఇట్ల ఒక్కొక్కరూ లేస్తే లైను ఆగిపోదామ్మా?" అన్నాడు. పని పోయినట్టే, రేపు పుంగనూరు బస్సెక్కాల్సిందే అనుకున్నాను.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు నాయనా. నా బడి రోజుల్లో చేను దున్నుతుంటే కర్రోడు సాలు మధ్యలో నిలబడ్డాడు. నేను చెర్నాకోల ఎత్తితే నువ్వు చెయ్యి పట్టుకొని, "దాన్ని ఉచ్చ పోసుకోనీ మే. సాలు యాడికి పోతాది?" అన్నావు.

"మా నాయన మడక దున్నుతాడు సార్," అన్నాను. "ఎద్దు ఉచ్చకు నిలబడితే ఆయనా నిలబడతాడు. కొట్టడు, అదిలించడు. మేము ఎద్దులకన్నా తక్కువా?"

ఎవరూ నవ్వలేదు. మునెమ్మక్క లేచింది. వెనక ఒకామె, ఆమె పక్కామె, అట్లా అందరూ లేచారు. మిషన్లన్నీ ఆగాయి. మేనేజరు తల గోక్కొని, "వాళ్ళను పోనీయప్పా," అన్నాడు సూపర్‌వైజరుతో.

మరుసటి రోజు అందరం సంతకాలు పెట్టి కాగితం ఇచ్చాం. బిళ్ళ తీసేయాలి, ఇది మేం అడుక్కునే దయ కాదు, మా హక్కు అని. రాసింది నేనే. నాలుగు రోజులు జవాబు రాలేదు. ఐదో రోజు పోయి చూస్తే బిళ్ళ లేదు, మేకు మాత్రం మిగిలింది. ఇప్పుడు అందరి మిషన్ల దగ్గరా నీళ్ళ బాటిళ్ళున్నాయి. పనేం తగ్గలేదు. మనసులో ఆ గుబులు లేదు కాబట్టి చేతులు తేలిగ్గా ఆడుతున్నాయి.

"ఇంత ధైర్యం ఎవురు నేర్పినారు మే?" అని అందరూ అడుగుతున్నారు. మా నాయన అని చెబుతున్నాను. చదువు రానోణ్ణి, నాకేం తెలుసు అంటుంటావే, ఇంక ఆ మాట అనొద్దు.

పెద్దమ్మకు, మామకు నా దండాలు చెప్పండి. ఇటు వచ్చేవాళ్ళుంటే రాగిపిండి పంపండి. మీ దీవెన ఎప్పుడూ నా తలమీద ఉండాలి.

నాయనా, ఈ పొద్దు కర్రోడికి ఒక పిడికెడు చెనిక్కాయ చెక్క ఎక్కువ పెట్టు. ఎందుకో వాడికీ చెప్పు.

మీ బిడ్డ,
రెడ్డెమ్మ