నేను దిద్దిన ఉత్తరం

గోదావరిఖని, మంగళవారం, 12 జూన్ 2007

నిన్న మా అబ్బాయి శ్రీను గనిలోంచి వస్తూనే మేనేజరుకు ఉత్తరం రాసి నా ముందు పెట్టాడు. వాడు సర్దారు, పన్నెండుమంది వాడి వెంట కిందికి దిగుతారు. ఇంగ్లీషులో మూడే మాటలు రాశాడు: పైకప్పు పగులుతోంది, చప్పుడొస్తోంది, మనుషుల్ని పంపొద్దు.

పై అధికారికి ఇలాగేనా రాసేది అని నేనే దిద్దాను. ముప్పై ఏళ్లు బడిలో ఇంగ్లీషు చెప్పినదాన్ని. తమరికి సవినయంగా మనవి చేస్తున్నాను, వీలు చూసుకొని తనిఖీ చేయించగలరు అనే అర్థంతో అరపేజీ రాయించాను.

"బాపమ్మా, గిది సెలవు చీటీ లెక్కుంది. మీద పడుతదంటే గింత మెల్లగ చెప్తరా?" అంది మనవరాలు. నోరు మూసుకోమన్నాను.

ఈ సాయంత్రం శ్రీను వచ్చి, "సారు చదివిండే అవ్వా. ఇంగ్లీషు మంచిగున్నదన్నడు. వచ్చే వారం చూస్తడట," అన్నాడు.

"మరి రేపు?"

"ఫస్టు షిఫ్టు. పోవాలె గద."

వీలు చూసుకోమన్నది వాడు కాదు, నేను. ఆయన చూసుకుంటున్నాడు.

వాడి మూడు మాటలనూ ఒక్క దండం కూడా పెట్టకుండా మళ్లీ రాసి, వాడి టిఫిన్ డబ్బా కింద పెట్టాను. పొద్దున లేపి, దిగకముందే ఇచ్చి రమ్మనాలి. ఇస్తాడనే అనుకుంటున్నాను. కానీ వాళ్లు గనిలోకి దిగేది ఏడింటికి. మేనేజరు ఆఫీసుకు వచ్చేది తొమ్మిదింటికి.