పెళ్ళివారికి నక్షత్రాలు

సోమవారం, బడి నుంచి

పిన్నికి నమస్కారం,

నేను క్షేమంగానే చేరాను, నా నిద్ర మాత్రం ఇంకా దారిలోనే ఉంది. బస్సు దిగి, మొహం కడుక్కుని సరాసరి బడికొచ్చాను. ఇప్పుడు నా పిల్లలంతా చాపల మీద మధ్యాహ్నం కునుకు తీస్తుంటే కుళ్ళుకుంటూ ఇది రాస్తున్నాను.

చెల్లిని అత్తారింటికి పంపేదాకా ఉండలేదని నీకు కోపంగా ఉంటుంది. ఏం చెయ్యను? సోమవారం పొద్దున నేను గుమ్మంలో లేకపోతే సగం మంది ఏడుపు ఆపరు, మిగతా సగం మంది మొదలుపెడతారు. రాగానే చుట్టుముట్టి పెళ్ళి కబుర్లు అడిగారు. "పెళ్ళికూతురు ఏడ్చిందా?" అంది ఒక పిల్ల. లేదమ్మా, వాళ్ళమ్మ, అంటే మా పిన్ని, ఏడ్చింది అన్నాను. "ఆవిడకి స్కూలు కొత్తా?" అంది.

నీ అక్క కూతురు,
టీచరమ్మ

తా.క. బస్సులో వెనక సీటువాళ్ళు గోల చేస్తుంటే నిద్రమత్తులో రెండు చప్పట్లు కొట్టి "నోటి మీద వేలు!" అన్నాను. డ్రైవర్ తర్వాతి స్టాపు దాకా ఒంటి చేత్తోనే నడిపాడు.

*

టీచరమ్మకి ఆశీస్సులు,

ఇక్కడ కొంప మునిగింది. ఫోన్ చేస్తే "పిల్లలు లేచారు పిన్నీ" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

భోజనాల దగ్గర నువ్వు చేసిన నిర్వాకం ఏమిటే? మగపెళ్ళివారిని ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని వరసలో నిలబడమన్నావట! ప్లేటు ఖాళీ చేసినవాళ్ళ చేతి మీద నక్షత్రం అంటించావట! ఫొటోల్లో అందరూ చేతులు ముందుకు చాపి నిలబడితే ఉంగరాలు చూపిస్తున్నారనుకున్నాను. అందరికీ నక్షత్రం ఉంది. మా వియ్యంకుడుగారికి లేదు!

ఆదివారం అమ్మాయిని తీసుకొస్తామన్న మనిషి "ఇప్పుడు వీలు పడదు" అని కబురు పెట్టారు. అలిగారే! పెళ్ళయ్యాక పిల్ల మొదటిసారి ఇంటికి రావడం ఒక కాగితం ముక్క దగ్గర ఆగిపోయింది. దాని గదిలోకి వెళ్ళి ఊరికే కూర్చుని వస్తున్నాను. నువ్వు చేసింది నువ్వే సరిదిద్దు.

ఇట్లు,
కోపంగా ఉన్న పిన్ని

తా.క. మీ బాబాయికి రెండు నక్షత్రాలు ఎందుకిచ్చావు? ఆ చెయ్యి తడవకుండా స్నానం చేస్తున్నారు.

*

పిన్నీ, కోపం తగ్గించుకుని చదువు,

నేనేం చేసేది? నీ వియ్యాలవారు ముందు వరసలో కుర్చీల కోసం తోసుకుంటున్నారు. అచ్చం మా పిల్లల్లాగే కనిపించారు, చెయ్యి దానంతటదే చప్పట్లు కొట్టింది.

చెల్లి మామగారి ప్లేటూ ఖాళీయే. నక్షత్రం అంటించబోతూ, బడిలో అందర్నీ అడిగినట్టే "జేబులో ఏం దాచలేదుగా?" అన్నాను. ఆయన చటుక్కున లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిపోయారు. నేనూ బస్సు హడావిడిలో పడ్డాను. అంతే జరిగింది.

మా క్లాసులో అలిగినవాళ్ళకి తీపి మంత్రం బాగా పనిచేస్తుంది. నువ్వో మంచి మిఠాయి పెట్టె పంపు. నేను ఒక నక్షత్రం అంటించి ఆయనకి కార్డు రాశాను: "ఆ రోజు సంగతి నేను మర్చిపోలేదు. మీకు రావలసింది మీకు తప్పక అందుతుంది."

ఇంతకన్నా మర్యాదగా ఎలా రాస్తారు?

నీ
టీచరమ్మ

తా.క. బాబాయి రెండు ప్లేట్లు ఖాళీ చేశానన్నారు. పెద్దవాళ్ళు అబద్ధం చెప్పరని ఇచ్చేశాను.

*

నీ మంత్రం మండిపోనూ!

గోరుచుట్టు మీద రోకటిపోటు అయింది. మిఠాయి పెట్టె మూత కూడా తియ్యకుండా వెనక్కి పంపారు. నీ కార్డు చదివిన దగ్గర్నుంచి ఆయన గదిలోంచి బయటికి రావడం లేదట. అమ్మాయి ఫోన్ చేసి "అక్క ఏం రాసిందమ్మా, మామయ్యగారు నన్ను చూసినా ఉలిక్కిపడుతున్నారు" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కొత్త కాపురం ఇలా మొదలవ్వాలా? నాకు ముద్ద దిగడం లేదు.

నువ్విక ఎవరికీ ఏమీ రాయకు. నాకు కూడా.

పిన్ని

తా.క. ఈ ఉత్తరానికి వెంటనే జవాబు రాయి.

*

పిన్నీ, ముద్ద దింపుకో,

ఈ ఉదయం పాట చెబుతుంటే గుమ్మంలో చెల్లి మామగారు! లోపలికొచ్చి, చెప్పులు విప్పి, పిల్లల కుర్చీలో కూర్చుని, "చెప్పేస్తానమ్మా" అన్నారు. చేతులు కట్టుకుని తల వంచుకున్నారు. పక్కనున్న పిల్ల ఆయన మోకాలు తట్టి "చెప్పేస్తే టీచర్ ఏమీ అనరు తాతా" అంది.

విషయం ఇదీ. డాక్టర్ ఆయన్ని మిఠాయి మానెయ్యమన్నాడు. పెళ్ళిలో పక్కనే భార్య. తినలేక, వదల్లేక ఒకటి రుమాల్లో చుట్టి కోటు జేబులో వేసుకున్నారు. సరిగ్గా అప్పుడే నేనొచ్చి జేబు గురించి అడిగాను! నీకు చెప్పేశాననుకున్నారు. నువ్వు మిఠాయి పెట్టె పంపితే దెప్పిపొడుపు అనుకున్నారు. నా కార్డయితే సరేసరి. "మీ పిన్నికి మొహం చూపించలేక రానన్నాను, అమ్మాయిని ఏడిపించానే" అని ఆయనే కళ్ళు తుడుచుకున్నారు. నాకూ ఏడుపొచ్చింది.

నిజం చెప్పినందుకు నక్షత్రం అంటించాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన లేస్తే కుర్చీ కూడా లేచింది, లాగి వదిలించాం. ఆదివారం అందరూ వస్తున్నారు.

నీ
టీచరమ్మ

తా.క. ఇంటికెళ్ళి చూసుకుంటే జేబులో మిఠాయి లేదట. ఫొటోలప్పుడు కోటు బాబాయి చేతికిచ్చారట. ఊరికే చెబుతున్నా.

*

నా బంగారు టీచరమ్మకి,

వచ్చారే! అమ్మాయిని పట్టుకుని ఎంతసేపు వదల్లేదో నాకే తెలియదు.

తర్వాత మీ బాబాయిని అందరి ముందూ నిలబెట్టి, నీ గొంతుతో "జేబులో ఏం దాచలేదుగా?" అన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆయనా, వియ్యంకుడుగారూ, ఏ పాపం తెలియని అల్లుడూ కలిసి జేబులు తడుముకున్నారు. కోటు జేబులో మిఠాయి తినేసింది తనేనని మీ బాబాయి ఒప్పుకున్నారు. ఆ రెండో నక్షత్రం పీకేశాను. వియ్యంకుడుగారు అంతగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

సాయంత్రం వాళ్ళు బయల్దేరారు. మీ క్లాసు పిల్లకి చెప్పు, ఈసారి వాళ్ళమ్మ ఏడవలేదు, ఆవిడకి స్కూలు అలవాటైపోయిందని.

ఆశీస్సులతో,
పిన్ని

తా.క. ఏడవలేదన్నది అబద్ధం. నిజం చెప్పాను కాబట్టి నాకో నక్షత్రం పంపు.