రంపానికి పదును

అన్నయ్యా,

ఎడమ తొడ మినహా నేను క్షేమం.

మొన్న ఇంటికొచ్చినప్పుడు, అడగకుండానే నా రంపానికి పదును పెట్టి సంచిలో సర్దావు. వడ్రంగివి కదా, మొద్దుబారిన పళ్లు చూస్తే నీ చెయ్యి ఊరుకోదు. జాజ్ బ్యాండులో నేను ఫిడేలు కమానుతో వాయించేది రంపం వెనక అంచు మీద, పళ్లు నా వైపే ఉంటాయని ఇరవై ఏళ్లుగా మొత్తుకుంటున్నాను. "జాజూ లేదు, గీజూ లేదు, ముందు దాంతో ఒక చెక్క కొయ్యరా" అంటావు.

శనివారం కచేరీలో, రెండో పాటకి రంపాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని వంచాను. నా చేతికొచ్చాక అది కోసిన మొదటి వస్తువు నేనే. "అమ్మా!" అని హాలు దద్దరిల్లేలా అరిచాను. తొమ్మిది కుట్లు పడ్డాయి.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్ల నా వాయిద్యం గురించి ఒక్క ముక్క రాయని విమర్శకుడు, ఆ కేకలో జాజ్ ఆత్మ పలికిందని పత్రికలో అర పేజీ రాశాడు.

నీకు దణ్ణం పెడతాను, ఇక నా రంపం జోలికి రాకు. మళ్లీ పదును పెట్టమని మా బ్యాండు నాయకుడు ఫోన్ చేస్తే ఎత్తకు. వచ్చే కచేరీకి కుడి తొడ ఉందిగా అంటున్నాడు.

నీ తమ్ముడు